తలుపు మూసుకున్నాక: రేడియేషన్ గదిలో భయం, ఒక చాప్లిన్ కేస్ స్టడీ

ఈ కేసు ఒక క్యాన్సర్ రోగిది. రాయడానికి ఆమె ఒప్పుకున్నారు. రాసిందంతా చదివి వినిపించాను కూడా. ఇంటి వివరాలు కొన్ని మార్చాను, ఆసుపత్రి పేరు ఎక్కడా రాయలేదు. వార్డులో అందరూ ఆమెను అమ్మ అనే పిలిచేవారు కాబట్టి ఇక్కడా అమ్మ అనే ఉంటుంది. వింటున్నప్పుడు ఒక్క సంగతి దగ్గర ఆపి, "ఇది రాయాల్నా అయ్యగారూ?" అన్నారు. కాసేపటికి ఆమే, "రాయుండ్రి. ఎవరికన్న పనికొస్తది" అన్నారు.

నేను హైదరాబాద్‌లో క్యాన్సర్ రోగుల దగ్గర పనిచేసే చాప్లిన్‌ని. చాప్లిన్ అంటే ప్రార్థన చేసి వెళ్లిపోయే పాస్టరు అని చాలామంది అనుకుంటారు. ప్రార్థన చేస్తాం, నిజమే. కానీ పనిలో ఎక్కువ భాగం మంచం పక్కన స్టూలు మీద కూర్చుని వినడం. ఈ కేసులో మొదట నేను ఆ పనే సరిగా చెయ్యలేదు. అందుకే రాస్తున్నాను.

ఎవరు, ఏం జరిగింది

అమ్మకు 61 ఏళ్లు. లాలాగూడ వైపు కొడుకు, కోడలితో ఉంటారు. భర్త రైల్వేలో చేసేవారు, పోయి ఇరవై ఏళ్లు దాటింది. ఒక సంఘంలో 28 ఏళ్లు బైబిల్ ఉమెన్‌గా చేసి రిటైరయ్యారు. బైబిల్ ఉమెన్ అంటే తెలియనివారికి చెప్పాలంటే, పాస్టరుగారు ఆదివారం గుడిలో చెప్పేదాన్ని మిగతా ఆరు రోజులూ ఇళ్లకు మోసుకెళ్లే మనిషి. కాన్పు అయిన ఇంటికి, తాగొచ్చి కొట్టే మొగుడున్న ఇంటికి, శవం లేచిన ఇంటికి ముందు వెళ్లేది ఆమే. "భయపడకుము" అనే మాట ఎంతమంది చెవిలో చెప్పి ఉంటారో లెక్కలేదు.

పుట్టింది మెదక్ దగ్గర పల్లెలో. కరువు రోజుల్లో మిషనరీ పోస్నెట్ దొర పనికి తిండిగింజలు ఇచ్చి కట్టించిన పెద్ద గుడి ఉంది కదా, 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ అయినది, దానికి తన తాత రాళ్లు మోశాడని చెబుతారు. తండ్రి ఊళ్లో ఆసాముల గొర్రెలు కాశాడు. ఈ గొర్రెల సంగతితో తర్వాత పని పడుతుంది.

ఎడమ బుగ్గ లోపల పుండు ఎంతకీ మానలేదు. ముక్క తీసి పరీక్షకు పంపితే క్యాన్సర్ అని వచ్చింది. ఆపరేషన్ బాగానే జరిగింది. ఆ తర్వాత రేడియేషన్ రాశారు: రోజుకు 2 గ్రే (గ్రే అంటే రేడియేషన్ మోతాదుకు కొలత) చొప్పున 30 సిట్టింగులు, మొత్తం 60 గ్రే. సోమవారం నుంచి శుక్రవారం దాకా, ఆరు వారాలు. ఆపరేషన్ అయ్యాక ఆరు వారాలు దాటకుండా మొదలుపెట్టాలని, మొదలయ్యాక మధ్యలో మానకూడదని డాక్టర్లు గట్టిగా చెబుతారు. ఖాళీలు వస్తే మిగిలిన కణాలు మళ్లీ పుంజుకుంటాయి.

తలకు, మెడకు ఇచ్చే రేడియేషన్‌లో మనిషి కొన్ని మిల్లీమీటర్లు కూడా కదలకూడదు. అందుకని ముందు ఒక మాస్క్ చేస్తారు. అది జల్లెడలా చిల్లులున్న ప్లాస్టిక్ షీటు. వేడినీళ్ల తొట్టిలో వేస్తే మెత్తబడి పిండిలా సాగుతుంది. నీళ్లు తుడిచి, పడుకున్న మనిషి ముఖం మీద పరిచి, నుదురు, ముక్కు, గడ్డం ఆకారం వచ్చేలా చేతులతో అదుముతారు. కొన్ని నిమిషాల్లో చల్లారి బిర్రబిగుసుకుంటుంది. అంచుల్ని బల్లకు క్లిప్పులతో బిగిస్తారు. ఊపిరి ఆడుతుంది, చిల్లుల్లోంచి వెలుగు కనిపిస్తుంది. తల మాత్రం తిప్పలేం, నోరు తెరవలేం.

అదుముతున్నంతసేపు అమ్మ ఓర్చుకున్నారు. స్కాన్ కోసం అందరూ బయటికెళ్లి తలుపు మూయగానే చెయ్యి ఊపడం మొదలుపెట్టారు. మాస్క్ తీశాక బల్ల దిగి, చెప్పులు కూడా వేసుకోకుండా వరండాలోకి వచ్చేశారట. మర్నాడు "నాకీ కరెంటొద్దు" అన్నారు. మన దగ్గర రేడియేషన్‌ను కరెంటు పెట్టడం అంటారు కదా.

డాక్టరు నాకు ఫోన్ చేసి, "మీ చర్చివాళ్లే. ఒకసారి మాట్లాడండి. రెండు వారాలు టైముంది" అన్నారు.

మొదటి కలయిక

మా శిక్షణలో వెర్బేటిమ్ అని ఒక పద్ధతి ఉంది. రోగితో జరిగిన మాటల్ని గుర్తున్నంతవరకు ఉన్నదున్నట్టు, నిశ్శబ్దాలతో సహా, అదే రోజు రాసుకోవాలి. ఆ రోజు రాసుకున్నదాంట్లోంచి కొంత:

నేను: ఆ రోజు చాలా ఇబ్బంది అయిందట కదమ్మా.

అమ్మ: గాలాడలే అయ్యగారూ.

నేను: లోపల ఒక్కరే ఉన్నట్టు అనిపించిందా?

అమ్మ: (నవ్వు) ఒక్కదాన్ని ఎట్లయిత? తలుపు పడ్డంక ఇగ నేను, ఆయన. ఇద్దరమే.

నేను: అదేనమ్మా. ఆయన తోడున్నాడు. యెషయా 41లో చూడండి... (బైబిల్ తెరుస్తున్నాను)

అమ్మ: "నీకు తోడైయున్నాను భయపడకుము, నేను నీ దేవుడనై యున్నాను దిగులుపడకుము." నేనే చెప్పిన గదా అందరికీ.

నేను పేజీ వెతికేలోపే ఆమె వాక్యం పూర్తి చేసేశారు. ప్రార్థన చేశాను, ఆమేన్ అన్నారు. ఫైల్లో ఇలా రాశాను: "విశ్వాసం బలంగా ఉంది. దేవుని సన్నిధి స్పృహ బాగా ఉంది. సమస్య ఇరుకు చోటంటే భయం." మూడు వాక్యాలు. మొదటిది తప్పని ఇప్పటికీ అనను. రెండోది నిజమే, కానీ నేను అనుకున్న అర్థంలో కాదు. మూడోది తొందరపాటు.

వచ్చిపోయేవాళ్లు

రెండోసారి వెళ్లేసరికి సంఘం నుంచి ఐదారుగురు వచ్చి ఉన్నారు. పళ్లు, హార్లిక్స్ సీసా, పాటల పుస్తకాలు. ఒకాయన, "అమ్మా, బైబిల్లో భయపడకుము అని 365 సార్లు ఉంది. రోజుకొకటి. మీకు భయమేంటమ్మా, విశ్వాస వీరురాలు మీరు" అన్నాడు. అందరూ హల్లెలూయ అన్నారు. అమ్మ కూడా అన్నారు. అని, గోడవైపు తిరిగి పడుకున్నారు.

ఆ 365 లెక్క వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంటుంది. కూర్చుని లెక్కపెడితే అంత రాదు. లెక్క తప్పయితే పోనీ అనుకోవచ్చు, కానీ ఆ మాట చేసే పని మంచిది కాదు. భయం వేసిందని చెప్పుకునే దారి మూసేస్తుంది. భయపడితే ఆజ్ఞ మీరినట్టు, విశ్వాసం లేనట్టు అనిపిస్తుంది. లేఖనం అలా చెప్పదు. పౌలు కొరింథుకు వెళ్లిన రోజుల గురించి తనే రాసుకున్నాడు: "బలహీనతతోను భయముతోను ఎంతో వణకుతోను మీయొద్ద నుంటిని." అదే ఊళ్లో ఒక రాత్రి ప్రభువు దర్శనంలో కనబడి, భయపడక మాట్లాడు, "నేను నీకు తోడైయున్నాను" అన్నాడని అపొస్తలుల కార్యములు 18లో ఉంది. ఆ తర్వాత పౌలు అక్కడ ఏడాదిన్నర ఉన్నాడు. వణుకు తగ్గిందని ఎక్కడా రాసి లేదు. ఉన్నాడని రాసి ఉంది.

ఇదంతా నాకు తెలుసు, ప్రసంగాల్లో చెప్పాను కూడా. కానీ ఆ రోజు వచ్చినవాళ్లను ఆపలేదు, వాళ్లతో కలిసి పాట పాడి వచ్చేశాను. ఈ రెండు కలయికల్లోనూ భయం అనే మాట ఆమె నోట ఒక్కసారీ రాలేదు. "గాలాడలే", "పానం మంచిగ లేదు", "మోకాళ్లు నొస్తున్నయ్, పండుకోలేను." ఇవే.

ఆమె ముఖం ఎలా ఉంది?

మేం నలుగురైదుగురు చాప్లిన్లం నెలకోసారి సికింద్రాబాద్‌లో కూర్చుని వెర్బేటిమ్‌లు ఒకరివి ఒకరం చదువుకుంటాం. చాప్లిన్లకు ఆసుపత్రిలోనే ఇచ్చే ఈ తరహా శిక్షణకు మూలపురుషుల్లో ఒకడు ఆంటన్ బోయ్‌సెన్ అనే అమెరికన్ పాస్టరు. తనే మతి చలించి మానసిక ఆసుపత్రిలో ఉండి, బాగై, 1925లో మసాచుసెట్స్‌లోని వూస్టర్ మానసిక ఆసుపత్రిలో దైవశాస్త్ర విద్యార్థులకు శిక్షణ మొదలుపెట్టాడు. పుస్తకాల్ని చదివినట్టే రోగిని కూడా శ్రద్ధగా చదవాలన్నది ఆయన పట్టు.

నేను చదవడం అయిపోయాక పెద్దావిడ ఒకరు, మాలో సీనియర్, ఒకే ప్రశ్న వేశారు. "ఇద్దరమే అన్నప్పుడు ఆమె ముఖం ఎలా ఉంది బాబూ?"

నాకు తెలియదు. నేను బైబిల్లో యెషయా కోసం పేజీలు తిప్పుతున్నాను.

బండి మీద ఇంటికొస్తుంటే మెట్టుగూడ సిగ్నల్ దగ్గర ఆ మాట మళ్లీ వినపడింది. నేను, ఆయన. ఇద్దరమే. కూతురు పెళ్లి గురించి చెబుతున్న తల్లి గొంతుతో అనొచ్చు ఆ మాట. అప్పిచ్చినవాడు ఇంట్లోకొచ్చి గడియ పెట్టుకున్నప్పటి గొంతుతోనూ అనొచ్చు.

మూడో కలయిక

ఈసారి బైబిల్ సంచిలోనే ఉంచాను. కోడలు క్యాంటీన్‌కు వెళ్లింది. స్టూలు దగ్గరికి లాక్కుని, "అమ్మా, మొన్న తలుపు పడ్డాక ఇద్దరమే అన్నారు. ఆ లోపల ఆయన ముఖం ఎట్లున్నదమ్మా?" అన్నాను.

చాలాసేపు మాట్లాడలేదు. చీర కొంగు అంచుని వేలికి చుట్టుతూ, విప్పుతూ ఉన్నారు. తర్వాత చెప్పింది ఇది. మాస్క్ అదుముతున్నప్పుడు ఆమెకు 139వ కీర్తన గుర్తొచ్చిందట. "వెనుకను ముందును నీవు నన్ను ఆవరించియున్నావు, నీ చేయి నా మీద ఉంచియున్నావు." ఎన్ని మంచాల దగ్గర చదివిన వాక్యం! ఇప్పుడు వెనక బల్ల, ముందు మాస్క్, మొహం మీద చెయ్యి. తప్పించుకోవడానికి లేదు. "పట్టుకున్నడు అయ్యగారూ. దొరికిపోయిన."

దేనికి దొరికిపోయారో చెప్పడానికి ఇంకో పావుగంట పట్టింది. భర్త పోయిన ఏడాది పంటి నొప్పికి ఎవరో ఇస్తే ఆకులో తంబాకు వేసుకున్నారు. నొప్పి పోయింది, అలవాటు ఉండిపోయింది. ఇరవై ఏళ్లు. సంఘంలో ఆడవాళ్లతో జర్దా మాన్పించే ప్రార్థనలు చేయిస్తూ, ఇంటికొచ్చి తను వేసుకునేవారు. ఎడమ బుగ్గలో.

ఇక్కడ నా ముందు రెండు సులువైన దారులున్నాయి. ఒకటి, "ఏం కాదమ్మా, ఎవరికైనా వస్తుంది" అనడం. అది అబద్ధం. పొగాకు నమలడం నోటి క్యాన్సర్ తెస్తుందని ఆ ఆసుపత్రి గోడల మీదే బొమ్మలున్నాయి. రెండోది, వెంటనే క్షమాపణ వాక్యం. అది నిజమే, కానీ 28 ఏళ్లు ఆ వాక్యం పంచిన మనిషికి నేను మళ్లీ పంచితే మొదటిరోజు లాగే నా కంటే ముందు ఆమే పూర్తి చేసేస్తారు. యేసును ఎరగనని మూడుసార్లు బొంకి, తర్వాత ఏడ్చిన పేతురు కథ చెబుదామా అనుకున్నాను. అది ఆమె నాకంటే బాగా చెప్పగలరు.

"తంబాకు వల్ల వచ్చి ఉండొచ్చమ్మా. అది కారణం. శిక్ష వేరే మాట" అన్నాను. ఆమె తలెత్తి చూశారు. అప్పుడు అడిగాను: బైబిల్లో మొట్టమొదట నాకు భయమేసింది అన్నది ఎవరమ్మా?

ఆమె ఒక్క క్షణం ఆలోచించి, "ఆదాము" అన్నారు. తర్వాత మెల్లగా, తనలో తను చదువుకుంటున్నట్టు: "నేను తోటలో నీ స్వరము వినినప్పుడు దిగంబరినిగా నుంటిని గనుక భయపడి దాగుకొంటిని."

ఈ పనిలో ఇన్నేళ్లుగా ఉండి కూడా నేను ఆ వచనాన్ని భయం గురించిన వచనంగా ఎప్పుడూ చదవలేదు. లేఖనంలో మొదటి భయం పాముకు కాదు, చీకటికి కాదు, చావుకు కూడా కాదు. దేవుడు దగ్గరికొచ్చాడని. ఈ లెక్కన భయపడేవాళ్లందరికీ "దేవుడు నీతో ఉన్నాడు" అని చెబితే ధైర్యం వస్తుందనుకోవడం ఎంత అమాయకత్వం! ఎవరు ఉన్నారో, ఏ ముఖంతో ఉన్నారో తేలకుండా ఆ మాట కొందరికి దిలాసా, కొందరికి దడ.

నేనింకేం చెప్పలేదు. ఆమే కథను ముందుకు నడిపారు. దేవుడు పిలిచింది "నీవు ఎక్కడ ఉన్నావు" అని. వాళ్లు కుట్టుకున్న ఆకులు నిలవలేదు. తోటలోంచి పంపించాడు, అది నిజమే. "కాని పంపేటప్పుడు చొక్కాయిలు తొడిగిచ్చిండు గదా అయ్యగారూ" అన్నారు. తెలుగు బైబిల్లో ఆ మాట అలాగే ఉంటుంది, చర్మపు చొక్కాయిలు. "తిట్టిండు. తొడిగిచ్చిండు" అని రెండుసార్లు అన్నారు. కోడలు టీ తెచ్చింది. ఆ రోజుకు అంతే.

కోడలు

మర్నాడు నేను లేనప్పుడు అమ్మ కోడలికి తంబాకు సంగతి చెప్పేశారు. నేను చెప్పమనలేదు. ఆ ఇంట్లో ఏం జరిగిందో కోడలే నాకు తర్వాత చెప్పింది, నవ్వుతూ. అత్తగారు ఏడుస్తూ చెబుతుంటే ఈమె వంకాయలు తరుగుతోందట. "తెల్సు అత్తమ్మా. బియ్యం డబ్బాలో పెడ్తరు గదా, చిన్న కవర్ల" అందట. ఎప్పటినుంచి తెలుసే అంటే, పెళ్లయి వచ్చిన మొదటి నెల నుంచి. అంటే పదకొండేళ్లు. మరి ఒక్క మాట అనలేదేమే అంటే, "అంటే మానుతరా? మీకు అన్నం పెట్టకుండ ఉంటనా?" అందట.

ఈ కేసులో వైద్యం చేసిన మాటలు ఏవైనా ఉంటే నావి కావు, వంకాయలు తరుగుతూ అన్న ఈ రెండు ముక్కలు. పదకొండేళ్లు అన్నీ తెలిసి ఒకరు అదే ఇంట్లో తనతో ఉన్నారని, తెలిసే ఉన్నారని అమ్మకు అప్పుడే తెలిసింది. 139వ కీర్తన మొదలయ్యేదే అలా కదా: "యెహోవా, నీవు నన్ను పరిశోధించి తెలిసికొనియున్నావు." తర్వాత కలిసినప్పుడు నేను ఆ కీర్తన ఎత్తలేదు. ఆమే, "దానికి అన్నీ తెల్సంట అయ్యగారూ" అన్నారు, కోడలి గురించి. అంతవరకే అన్నారు.

మాస్క్‌తో మచ్చిక

తప్పు ఒప్పుకున్నంత మాత్రాన శరీరం దారికి రాదు. తలుపు మూతపడితే గుండె దడ వచ్చేది అలాగే వచ్చింది. ఇక్కడ పని నా ఒక్కడిది కాదు. ఆసుపత్రి సైకాలజిస్టును కలవమంటే మొదట, "ఎర్రగడ్డ పంపుతరా ఏంది?" అన్నారు. ఎర్రగడ్డలో ఉన్నది మానసిక ఆసుపత్రి. హైదరాబాద్‌లో ఈ మాట వినని చాప్లిన్ ఉండడు. కలిశారు చివరికి. సైకాలజిస్టు ఊపిరి నెమ్మదిగా వదలడం నేర్పారు. డాక్టరు సిట్టింగుకు ముందు వేసుకోవడానికి చిన్న మాత్ర రాశారు. మాత్ర వేసుకుంటే విశ్వాసం తక్కువైనట్టా అని అమ్మ అడిగారు. కడుపు నొప్పికి కొంచెం ద్రాక్షారసం తీసుకోమని పౌలు తిమోతికి రాశాడు, ప్రార్థన చేసి ఊరుకోమనలేదు అన్నాను. నవ్వారు. మొదటి వారం వేసుకున్నారు, తర్వాత అక్కర్లేకపోయింది.

రేడియేషన్ విభాగంలో టెక్నీషియన్ ఒక కుర్రాడు, పాతబస్తీ అబ్బాయి, రోజూ మెషిన్ ఖాళీ అయ్యే మధ్యాహ్నం పూట ఇరవై నిమిషాలు ఇచ్చాడు. మొదటిరోజు మాస్క్‌ను అమ్మ ఒళ్లో పెట్టాం, అంతే. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి, "ముక్కు నాదే. మొహం ఎవరిదో ఉన్నట్టుంది" అన్నారు. రెండోరోజు కూర్చునే ముఖానికి ఆనించుకున్నారు. మూడోరోజు పడుకుని, క్లిప్పులు లేకుండా. నాలుగోరోజు రెండు క్లిప్పులు. ఐదోరోజు అన్నీ, తలుపు తెరిచి.

ఆ ఐదు రోజులూ 23వ కీర్తనతో కూర్చున్నాం. దాంట్లో ఒక చిన్న సంగతి ఉంది. పచ్చిక, నీళ్లు ఉన్నంతసేపు కీర్తనకారుడు దేవుణ్ని "ఆయన" అంటాడు. "పచ్చికగల చోట్ల ఆయన నన్ను పరుండజేయుచున్నాడు." లోయలో అడుగుపెట్టగానే మాట మారుతుంది. "గాఢాంధకారపు లోయలో నేను సంచరించినను ఏ అపాయమునకు భయపడను, నీవు నాకు తోడై యుందువు." ఆయన కాస్తా నీవు అయ్యాడు. బాగున్నప్పుడు దేవుడి గురించి మాట్లాడాడు, చీకట్లో దేవుడితోనే మాట్లాడుతున్నాడు. హెబ్రీ మూలంలో ఆ చోట క్రియాపదమే లేదు, "నీవు నాతో", అంతే. ఆ రెండు మాటల్ని ఊపిరికి కట్టుకున్నారు అమ్మ. పీల్చేటప్పుడు "నువ్వు", వదిలేటప్పుడు "నా తోటి". నోరు కదపకుండా.

"నీ దుడ్డుకఱ్ఱయు నీ దండమును నన్ను ఆదరించును" దగ్గర ఆగిపోయారు. దుడ్డుకర్రతో ఆదరణ ఏంటి, దెబ్బలు కదా అని నేనే అడిగాను, ఆమె మనసులో ఏముందో వినాలని. ఆమె కళ్లు మూసుకుని, "మా నాయన కట్టె గొర్రెను కొట్టనీకి కాదయ్యగారూ. తోడేలుకు. గొర్రెను కొడితే రాత్రి దొడ్డికి వస్తదా?" అన్నారు. నా దగ్గర ఆ వచనం మీద వ్యాఖ్యానాలు నాలుగున్నాయి. ఏ ఒక్కదాంట్లోనూ ఇంత బాగా లేదు.

ముప్పై సిట్టింగులు

ఆపరేషన్ అయిన నలభయ్యో రోజు మొదటి సిట్టింగు జరిగింది. నేను గది బయట, కోడలు పక్కన బెంచీ మీద. లోపల మాస్క్ వేసి పది నిమిషాలకు కొంచెం ఎక్కువ. నెమ్మదిగా చెప్పుకుంటే 23వ కీర్తనకు నిమిషంన్నర పడుతుందని ముందే చూసుకున్నాం, ఏడుసార్లు చెప్పుకుంటే అయిపోతుందని. అమ్మ బయటికొచ్చి ముఖం మీద గళ్లు గళ్లుగా అచ్చులు పడ్డ చర్మంతో, "ఐదుసార్లే అయింది. ఆరోదాంట్ల ఉండగ తీసిండ్రు" అన్నారు, మోసపోయినట్టు.

టెక్నీషియన్లు బయటి గదిలో కెమెరాలో చూస్తూ, మైకులో మాట్లాడుతూ ఉంటారు. చెయ్యెత్తితే మెషిన్ ఆపేస్తారు. ఆ కుర్రాడికి ఒక అలవాటు, ప్రతి రెండు నిమిషాలకు మైకులో, "అమ్మా, ఇక్కడే ఉన్న. కనిపిస్తున్నరు" అనేవాడు. రెండో వారంలో అమ్మ నాతో, "ఆ పిల్లగాడు నాకు కనిపియ్యడు. నేను వానికి కనిపిస్త. సాలు" అన్నారు. ఈ మాట విన్నాక వచ్చే ఆదివారం ప్రసంగంలో వాడాలని నా చెయ్యి దురద పెట్టింది. వాడలేదు. ఆమె దాన్ని పోలికగా చెప్పలేదు, జరిగింది చెప్పారు.

నాలుగో వారం వేరే కథ. రేడియేషన్ వల్ల నోరంతా పుండ్లు, మింగితే మంట, రుచి పోయింది, ఉమ్మి జిగురైపోయింది. ఇప్పుడు తలుపు భయం లేదు, ఒట్టి అలసట, కోపం. 19వ సిట్టింగుకు రాలేదు. సాయంత్రం లాలాగూడ వెళ్లాను. ఏలీయా ప్రవక్త బదరీ వృక్షం కింద చచ్చిపోతానని పడుకుంటే దూత ముందు అప్పం, నీళ్లు పెట్టి తినమన్నాడు, మాటలు తర్వాత అని చెప్పబోయాను. "అప్పం నాకు మింగుడు పడదు. దూతను జావ తెమ్మనుండ్రి" అన్నారు, కసిగా. కోడలు నిజంగానే రాగిజావ చల్లార్చి మజ్జిగ కలిపి తెచ్చింది.

అప్పుడు ఆమె అడిగితేనే 88వ కీర్తన చదివాను. ఓదార్పుతో ముగియని కీర్తన అది. చివరి మాట "చీకటియే నాకు బంధువర్గమాయెను." సాధారణంగా రోగుల దగ్గర దాన్ని చదవం, దిగులు పెరుగుతుందని. అమ్మ కళ్లు మూసుకుని విని, "ఇది గూడ ఆయనకే చెప్తున్నడు గదా" అన్నారు. చీకట్లో ఉన్నవాడు ఎవరితో మొరపెట్టుకుంటున్నాడో ఆమె పట్టుకున్నారు. మర్నాడు ఆటోలో వచ్చారు. పోయిన సిట్టింగును చివర్లో కలిపారు.

తోటి చాప్లిన్లకు ఒక్క మాట. తోడు గురించిన వాక్యాలు మన చేతిలో చాలా ఉన్నాయి, కంఠతా వచ్చు, కాబట్టే తొందరగా తీస్తాం. రెండు వారాల్లో నేను చేసిన పెద్ద మేలు బైబిల్‌ను ఒకరోజు సంచిలో ఉంచడం. ఇంకొకటి, కొన్ని భయాలు మన పరిధి దాటుతాయి. నిద్ర పూర్తిగా పోయినా, చావు మాటలు మొదలైనా వెంటనే డాక్టరుకు చెప్పాలి. 2022 అక్టోబరు నుంచి టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, 14416కు ఉచితంగా ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

చివరి సిట్టింగు అయ్యాక మాస్క్ ఇంటికి తీసుకెళ్తారా అని టెక్నీషియన్ అడిగాడు, కొందరు తీసుకెళ్తారు. అమ్మ వద్దన్నారు. కోడలు తీసుకుంది. కరివేపాకు కుండీ మీద బోర్లించిందట, పిల్లులు మట్టి తవ్వకుండా.

మూడు నెలలకు స్కాన్ బాగుంది. ప్రస్తుతానికి బాగుంది అని డాక్టర్లు అంటారు, నేనూ అంతే రాస్తాను. తంబాకు మానేశారు, నోట్లో వక్క కూడా లేదు. రివ్యూకు వెళ్లాల్సిన ప్రతిసారీ ముందు రాత్రి ఫోన్ చేస్తారు. పోయిన నెల తొమ్మిదిన్నరకు చేశారు. వందనాలు లేవు, పలకరింపు లేదు.

"అయ్యగారూ, భయమైతుంది."

నేను వాక్యం ఎత్తలేదు. ఎన్నింటికి ఆటో అని అడిగాను. ఏడున్నరకు అన్నారు. తర్వాత ఇద్దరం కాసేపు ఫోన్ పట్టుకుని ఊరికే ఉన్నాం. అటువైపు కుక్కర్ విజిల్, టీవీ సీరియల్, కోడలు ఎవరినో కేకేయడం వినిపించాయి. "సరే, పెడుతున్న" అన్నారు.